నాలుగో వంతు ఇంజన్

80 మిల్లీమీటర్ల బోరు, 66 మిల్లీమీటర్ల స్ట్రోకు, ఆరు సిలిండర్లు, మొత్తం 1,991 సీసీ. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో పోర్షే కంపెనీ జనం ముందు పెట్టిన 911 కారు ఇంజన్ కొలతలివి. ఆ ఇంజన్‌ని నాలుగో వంతుకు కుదించి, లోపలి భాగాలు కనబడేలా పారదర్శకమైన ప్లాస్టిక్‌లో పోతపోసి, విడి ముక్కలుగా పెట్టెలో సర్ది అమ్ముతోంది ఫ్రాన్జిస్ అనే జర్మన్ ప్రచురణ సంస్థ. కొండాపూర్‌లోనో నానక్‌రామ్‌గూడలోనో శనివారం పొద్దున్నే డైనింగ్ టేబుల్ ఖాళీ చేయించి ఈ పెట్టె విప్పారనుకోండి, ఆ రోజుకి భోజనం సోఫాలోనే. ముక్కలు రెండు వందలకు పైమాటే. జిగురు అక్కర్లేదు, చిన్న స్టార్ స్క్రూడ్రైవర్, దానికి తగ్గ ఓపిక ఉంటే చాలు. అంతా బిగించి, బ్యాటరీలు వేసి మీట నొక్కితే పిస్టన్లు కదులుతాయి, స్పార్క్ ప్లగ్గుల చోట చిన్న దీపాలు వంతులవారీగా వెలుగుతాయి, చిన్న స్పీకర్ లోంచి ఇంజన్ చప్పుడు కూడా వస్తుంది.

మరి ఇందులో ఏది నిజం? పొడవులన్నిటినీ 4తో భాగించాం కనుక మిగతావన్నీ కూడా నాలుగో వంతై ఉంటాయని మనసు చెబుతుంది. అలా జరగదు. కొన్ని నాలుగో వంతవుతాయి, కొన్ని పదహారో వంతు, కొన్ని అరవై నాలుగో వంతు. కొన్ని ఉన్నచోటే ఉంటాయి. ఒకటి రెండు ఏకంగా నాలుగు రెట్లు పెరుగుతాయి. ఏది ఏ లెక్కన మారుతుందో తెలిసినవాడికి ఇంజన్ సగం తెలిసినట్టే. ఆ సగం నేర్చుకోడానికి ఈ బొమ్మ మహా ఉపయోగం. మిగతా సగం విషయంలో మాత్రం అది ఏమాత్రం సిగ్గులేకుండా అబద్ధమాడుతుంది.

ముందు నిజం సంగతి. మొదట కూర్చేది క్రాంక్ షాఫ్ట్. దానికి కనెక్టింగ్ రాడ్లు, రాడ్ల కొసన పిస్టన్లు. 911 ఇంజన్‌లో సిలిండర్లు నిలబడి ఉండవు. మూడు ఎడమకి, మూడు కుడికి పడుకుని ఉంటాయి. ఎదురెదురుగా ఉన్న ఏ జతనైనా చూడండి, రెండు పిస్టన్లూ ఒకేసారి మధ్యకు వస్తాయి, ఒకేసారి బయటికి పోతాయి. ఒకటి ఎడమకు ఎంత విసురుగా వెళ్తుందో రెండోది కుడికి అంతే విసురుగా వెళ్తుంది కనుక ఒకదాని ఊపును ఇంకొకటి కొట్టేస్తుంది. ఈ ఇంజన్ అంత నున్నగా తిరగడానికి కారణం ఈ అమరికే. మీరు బిగించినదాంట్లో ఒకటి లోపలికి వస్తుంటే ఎదుటిది బయటికి పోతోందా? ఎక్కడో పిన్ను తప్పింది, విప్పాల్సిందే.

తర్వాత టైమింగ్ కట్టడం. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్ ఒక్క చుట్టే తిరగాలి. పీల్చడం, నొక్కడం, మండించడం, వదలడం అనే నాలుగు స్ట్రోకులకు క్రాంకు తిరిగేది రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు. ఆరు సిలిండర్లకు సమంగా పంచితే 120 డిగ్రీలకొక మంట. మంటల వరస 1-6-2-4-3-5. ఎడమవైపువి 1, 2, 3 నంబర్లు, కుడివైపువి 4, 5, 6. వరసను మళ్లీ చదవండి, ఎడమ, కుడి, ఎడమ, కుడి అంటూ మంట అటొకసారి ఇటొకసారి గెంతుతూ పోతుంది. 1, 4 ఎదురెదురు సిలిండర్లు. రెండు పిస్టన్లూ ఒకే క్షణాన బయటి కొసకు చేరతాయి, అయినా మంట ఒకదాంట్లోనే. ఆ సమయానికి రెండోది పొగ వదిలేసి గాలి పీల్చుకునే మలుపులో ఉంటుంది. దాని వంతు సరిగ్గా ఒక చుట్టు తర్వాత. బొమ్మలో దీపాలు వెలిగే వరసను వేలితో లెక్కపెట్టుకుంటే ఇదంతా కళ్లముందే కనిపిస్తుంది. పుస్తకంలో పేజీలకు పేజీలు చదివినా బుర్రకెక్కనిది ఇక్కడ చప్పున ఎక్కుతుంది.

ఈ 720, 120, రెండుకు ఒకటి అనే అంకెల్లో ఏ ఒక్కదానికీ ఇంజన్ సైజుతో సంబంధం లేదు. పొడవును 4తో భాగించవచ్చు కానీ కోణాన్ని భాగించే పనే లేదు. సముద్రంలో ఓడను నడిపే ఇంజన్‌కైనా, మీ బల్ల మీది ప్లాస్టిక్ ఇంజన్‌కైనా ఒక చుట్టు 360 డిగ్రీలే. కాబట్టి బొమ్మ ఇంజన్ కోణాల విషయంలో ఎప్పుడూ నిజమే చెబుతుంది.

కోణం తప్పితే ఏమవుతుందో మాత్రం చెప్పదు. క్యాము పళ్ల చక్రానికి 40 పళ్లు ఉన్నాయనుకుందాం. బిగించేటప్పుడు ఒక్క పన్ను అటో ఇటో పడితే క్యాము 9 డిగ్రీలు పక్కకు పోతుంది, క్రాంకు లెక్కలో అది 18 డిగ్రీలు. ప్లాస్టిక్‌లో అయితే దీపాలు యథాప్రకారం వెలుగుతాయి, మీరూ సంతోషంగా ఫొటో తీసుకుంటారు. అసలు ఇంజన్‌లో ముందు పికప్ పోతుంది. ఇంకా తప్పితే పిస్టన్ వెళ్లి తెరుచుకుని ఉన్న వాల్వును గుద్దుతుంది, వాల్వు వంగుతుంది, హెడ్డు దించాలి. ఆ బిల్లు చేతికొచ్చినవాళ్లకు ఒక పన్ను ఖరీదెంతో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడినవాళ్లు హైటెక్ సిటీ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా ఏ అంతస్తులో వెతికినా దొరుకుతారు. వాళ్లకు ఈ బొమ్మ చూడగానే థర్మల్ ల్యాబ్ గుర్తొచ్చి తీరాలి. అందులో వాల్వ్ టైమింగ్ డయాగ్రం అని ఒక ప్రయోగం. గది మధ్యలో దిమ్మె మీద ఒక సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్. ఫ్లైవీల్ చుట్టూ దారం చుట్టి చుట్టుకొలత తీసుకోవాలి. పిస్టన్ పై కొసకు చేరిన చోట సుద్దముక్కతో ఒక గీత గీయాలి. ఆ తర్వాత ఒకరు ఫ్లైవీల్‌ని మెల్లగా తిప్పుతుంటే ఇంకొకరు పుష్‌రాడ్‌ని వేళ్ల మధ్య పట్టుకుని నలుపుతుండాలి. అది బిగుసుకుందంటే వాల్వు తెరుచుకుంటోందని, వదులైందంటే మూసుకుందని. ఆ రెండు చోట్లా మళ్లీ సుద్దగీతలు. చుట్టుకొలత 120 సెంటీమీటర్లయితే డిగ్రీకి 3.3 మిల్లీమీటర్లు, దాన్నిబట్టి కోణాలు. గ్రూపుకు ఆరుగురుంటే నలుగురు పక్కన నిలబడి కబుర్లు చెప్పుకుంటారు, రికార్డులో మాత్రం ఆరుగురికీ ఒకే అంకెలుంటాయి.

అంకెలు కాపీ కొట్టినవైనా వాటి వెనకున్న సంగతి గొప్పది. గాలి పీల్చే వాల్వు, పిస్టన్ కింది కొసకు చేరగానే మూసుకోవాలి కదా? మూసుకోదు. పిస్టన్ మళ్లీ పైకి బయల్దేరి, క్రాంకు ఇంకో 35 డిగ్రీలు తిరిగేదాకా తెరుచుకునే ఉంటుంది. ఎందుకంటే గాలికీ బరువుంది. గొట్టంలో పరుగెత్తుకొస్తున్న గాలి, పిస్టన్ ఆగింది కదా అని తానూ ఆగిపోదు. ఆ ఊపులో ఇంకాస్త లోపలికి తోసుకొస్తుంది. ఆ కాస్తను కూడా పట్టుకోడానికే ఈ ఆలస్యం. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే ఇంజన్‌లో 35 డిగ్రీలంటే సెకనులో వెయ్యో వంతులు నాలుగు, అంతే. ఇంకా వేగంగా తిరిగే ఇంజన్లలో ఆలస్యం ఇంకా పెంచుతారు.

ఇప్పుడు బల్ల మీది ఇంజన్‌ని చూడండి. అది నిమిషానికి 20 చుట్లు తిరుగుతోందనుకుందాం. దాని క్యాములను అసలు ఇంజన్ క్యాముల ఆకారంలోనే చెక్కారనుకుందాం. ఇక్కడ ఆ 35 డిగ్రీలే తీసుకున్నా, అవి తిరగడానికి పట్టే కాలం సెకనులో దాదాపు మూడో వంతు. అంత నింపాదిగా వచ్చే గాలికి ఊపెక్కడిది? తెరిచి ఉన్న వాల్వులోంచి, పీల్చుకున్న గాలిని వెనక్కొచ్చే పిస్టన్ తిరిగి బయటికి నెట్టేస్తుంది. కోణం నిజం, కాలం అబద్ధం. రెండూ కలిసేసరికి, 6,000 చుట్లకు తగిన టైమింగ్ 20 చుట్ల దగ్గర తప్పు టైమింగ్ అయింది. 6,100 చుట్ల దగ్గర అసలు 911 పిస్టన్ ఒక కొస నుంచి రెండో కొసకు సెకనులో రెండు వందో వంతులో వెళ్తుంది. బొమ్మలో అదే ప్రయాణానికి ఒకటిన్నర సెకను. మూడు వందల రెట్ల నిదానం. మన కంటికి కనబడాలంటే ఆ మాత్రం నిదానం తప్పదు, అది వేరే సంగతి.

బొమ్మ ఆడే పెద్ద అబద్ధం ఇంకొకటుంది. అసలు ఇంజన్‌లో మంట పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ క్రాంకును తిప్పుతుంది. బొమ్మలో బ్యాటరీ మోటారు క్రాంకును తిప్పితే క్రాంకు పిస్టన్లను ఈడుస్తుంది. కారణం, ఫలితం చోట్లు మార్చుకున్నాయి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగింది. పిస్టన్ అన్నది ఒక్కటి కూడా లేని కార్లు అక్కడ పరుగెత్తాయి. ఆ లెక్కన మన పోర్షే ఇంజన్ కూడా ఆ జాతిదే, పెట్రోలు వేషం వేసుకున్న కరెంటు బండి.

అబద్ధాలన్నీ సరిదిద్దడానికి ఒక ఊహ చేద్దాం. ప్లాస్టిక్ బదులు అసలు లోహాలతోనే నాలుగో వంతు 911 ఇంజన్‌ని తయారుచేశాం. లోపల నిజంగానే పెట్రోలు మండిస్తాం. ఎంత శక్తి వస్తుంది?

బోరు 20 మిల్లీమీటర్లు, స్ట్రోకు 16.5. సిలిండర్ల ఘనపరిమాణం మూడు దిక్కులా నాలుగో వంతు కనుక 64తో భాగించాలి. 1,991 సీసీ కాస్తా 31 సీసీ అయింది. అసలు ఇంజన్ శక్తి 130 హార్స్‌పవర్. దాన్నీ 64తో భాగిస్తే రెండు హార్స్‌పవర్. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అయితే ఇంజన్ శక్తి సీసీలను బట్టి వచ్చేది కాదు. పిస్టన్ తలమీద పడే పీడనం, ఆ తల వైశాల్యం, పిస్టన్ పరుగెత్తే వేగం, ఈ మూడూ గుణిస్తే వచ్చేది శక్తి.

దీన్ని ఒప్పించడానికి మన పల్లెల్లోంచే ఒక సాక్షి ఉంది. కరెంటు లైన్లు రాకముందు బావి గట్టున దుడుదుడుమంటూ నీళ్లు తోడిన ఆయిల్ ఇంజన్. కిర్లోస్కర్ వారి ఏవీ1 అనే అయిదు హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్ బోరు ఎంతో తెలుసా? 80 మిల్లీమీటర్లు. పోర్షే 911ది ఎంతో అంతే. స్ట్రోకు 110. పిస్టన్ తలలు సమానం. అయినా పోర్షేలో ఒక్కో సిలిండర్ ఇచ్చేది దాదాపు 22 హార్స్‌పవర్, మన ఆయిల్ ఇంజన్‌ది అయిదు. తేడా ఎక్కడుంది? పిస్టన్ సగటు వేగం లెక్కించండి. చుట్టుకు రెండు స్ట్రోకులు. పోర్షే పిస్టన్ 6,100 చుట్ల దగ్గర సెకనుకు 13.4 మీటర్లు, ఆయిల్ ఇంజన్ పిస్టన్ 1,500 చుట్ల దగ్గర 5.5 మీటర్లు. వేగంలో రెండున్నర రెట్ల తేడా. మిగతాది సగటు పీడనంలో, అక్కడ 9.4 బార్, ఇక్కడ 5.4. ఆయిల్ ఇంజన్ తక్కువదని కాదు. మడి పారేదాకా గంటల తరబడి, ఏళ్ల తరబడి ఆగకుండా తిరగాల్సినది తనని తాను అంతగా రాచుకోకూడదు. పోర్షే ఆ పనికి పెడితే వారానికే బోరుకొస్తుందని నా అనుమానం.

పిస్టన్ వేగానికి ఇంకో సాక్షి హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్‌రాయిస్. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం ఆర్డరిచ్చిన సింహాసనపు కారు. అది తయారై వచ్చేసరికి ఆయన లేడు, 1911లోనే పోయాడు. దానివీ ఆరు సిలిండర్లే, కానీ ఘనపరిమాణం 7.4 లీటర్లు, స్ట్రోకు 121 మిల్లీమీటర్లు. 1,250 చుట్ల దగ్గర లెక్కిస్తే పిస్టన్ వేగం సెకనుకు 5 మీటర్లు. మన బావి గట్టు ఇంజన్ కన్నా నిదానం! ఇటు నుంచి ఓడల వైపు వెళ్తే, వార్ట్‌సిలా ఆర్‌టీఫ్లెక్స్96సీ ఇంజన్ బోరు 960 మిల్లీమీటర్లు, స్ట్రోకు రెండున్నర మీటర్లు. అందులో మనిషి దిగి నిలబడవచ్చు. అది తిరిగేది నిమిషానికి 102 చుట్లు మాత్రమే. పిస్టన్ వేగం మాత్రం సెకనుకు 8.5 మీటర్లు. చుట్లలో పోర్షేతో అరవై రెట్ల తేడా ఉన్నా, వేగంలో రెండు రెట్లు కూడా లేదు. చిన్నదైనా పెద్దదైనా లోహం భరించే వేగం ఇంచుమించు ఒకటే.

కారణం పిస్టన్ బరువే. 6,100 చుట్ల దగ్గర 911 పిస్టన్ బయటి కొసన ఆగి వెనక్కి తిరిగే క్షణాన దాని త్వరణం గురుత్వ త్వరణానికి 1,700 రెట్లు. పిస్టన్ అరకిలో ఉందనుకుంటే ఆ క్షణాన కనెక్టింగ్ రాడ్‌కి 850 కిలోల బరువు వేలాడుతున్నట్టే. ఇంజన్‌ని నాలుగో వంతు చేసి, పిస్టన్ వేగం అంతే ఉంచితే చుట్లు నాలుగింతలై 24,400కి చేరతాయి, త్వరణమూ నాలుగింతలు. పిస్టన్ బరువు మాత్రం అరవై నాలుగో వంతు. రాడ్ మీద లాగుడు పదహారో వంతవుతుంది. రాడ్ అడ్డుకోత వైశాల్యం కూడా పదహారో వంతే. రెండూ కొట్టేసుకుని, లోహం మీద ఒత్తిడి ముందెంతో ఇప్పుడూ అంతే. అంటే బుల్లి ఇంజన్ విరక్కుండా 24,000 చుట్లు తిరగగలదు. శక్తి పదహారో వంతు, అంటే ఎనిమిది హార్స్‌పవర్. సీసీకి లెక్కేస్తే అసలు ఇంజన్‌కి నాలుగింతలు!

ఎముకల విషయంలో ఇలాంటి లెక్కను 1638లోనే గెలీలియో రాశాడు. జంతువు పెద్దదయ్యేకొద్దీ బరువు ఘనంలో పెరుగుతుంది, ఎముక బలం వర్గంలోనే పెరుగుతుంది, అందుకే ఏనుగు కాళ్లు జింక కాళ్లలా ఉండవని. చిన్నవాటికి ఆ నియమం వరంగా పనిచేస్తుంది.

మరి అలాంటప్పుడు కార్లన్నిటిలో వందేసి బుల్లి సిలిండర్లు పెట్టరేం? ఇక్కడినుంచి చిన్నతనం శాపంగా మారుతుంది. మొదటిది వేడి. సిలిండర్ గోడల వైశాల్యం పదహారో వంతైతే లోపలి వాయువు అరవై నాలుగో వంతు. ఉన్న వాయువుకు గోడలు నాలుగు రెట్లు ఎక్కువయ్యాయి. గంగాళంలో అన్నం గంటైనా పొగలు కక్కుతుంది, అందులోంచి తీసిన గరిటెడు విస్తట్లో పడగానే చల్లారుతుంది, అదే లెక్క. మండిన వాయువు పిస్టన్‌ని తోయాల్సిన వేడిని గోడలకు ధారపోస్తుంది. ఓడ ఇంజన్ ఇంధనంలోని శక్తిలో సగాన్ని పనిగా మార్చుకోగలగడానికి దాని భారీతనం ఒక ముఖ్య కారణం. ఇదే లెక్క ఇంకోవైపు నుంచి ఉపకారం కూడా చేస్తుంది. మోటారు సైకిల్ ఇంజన్‌కి చుట్టూ రెక్కలు పెట్టి గాలికి వదిలేస్తే చల్లబడుతుంది, పెద్ద కారు ఇంజన్‌కి నీళ్లు తిప్పాలి. 911 మాత్రం పట్టుబట్టి 1998 దాకా గాలితోనే నెట్టుకొచ్చింది. బొమ్మలో వెనక కనబడే ఆ పెద్ద ఫ్యాను అందుకే.

రెండోది మంట. 1815లో హంఫ్రీ డేవీ బొగ్గు గనుల కోసం చేసిన దీపం చుట్టూ సన్నని లోహపు వల ఉండేది. మంట ఆ వల కన్నాల్లోంచి దాటలేదు. చల్లని లోహానికి మరీ దగ్గరగా వస్తే మంట ఆరిపోతుంది. ఇంజన్ గోడల వెంబడి కూడా మంట చేరలేని పలచని పొర ఒకటి ఉంటుంది. అందులోని పెట్రోలు మండకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. ఇంజన్‌ని కుదించాం కదా అని ఆ పొర కుదించుకోదు. 80 మిల్లీమీటర్ల బోరులో అది పట్టించుకోనక్కర్లేనిది, 20 మిల్లీమీటర్ల బోరులో దాని వాటా నాలుగింతలు.

మూడోది సందులు. పిస్టన్‌కీ గోడకీ మధ్య సెంటీమీటరులో రెండొందల యాభయ్యో వంతు ఖాళీ ఉందనుకుంటే, బుల్లి ఇంజన్‌లో అది వెయ్యో వంతు కావాలి. అంత సున్నితంగా కోయడం ఖరీదైన పని. కోయలేకపోతే సందు పెద్దదై, నొక్కిన గాలి పక్కలనుంచి జారిపోతుంది. కార్బరేటర్ జెట్ల కన్నాలు నాలుగో వంతైతే పెట్రోలు వాటిలోంచి పారడానికే మొరాయిస్తుంది. ద్రవం జిగటకు స్కేలు తెలీదు. ప్లగ్ గ్యాప్ కూడా నాలుగో వంతు చేస్తే చుక్క నూనె పడినా మూసుకుపోతుంది.

అయినా పట్టుదల గల మోడల్ ఇంజనీర్లు నాలుగో వంతు సైజులో నిజంగా పెట్రోలుతో నడిచే వీ8 ఇంజన్లను తయారుచేశారు. చూడ్డానికి అసలుదాని నకలే. లోపల మాత్రం స్కేలును ఎక్కడికక్కడ వదిలేయాల్సి వస్తుంది, ప్లగ్గు కాస్త లావుగా, జెట్టు కన్నం కాస్త పెద్దదిగా, పిస్టన్ రింగులు కాస్త మందంగా. బొమ్మ విమానాలవాళ్లు అసలు పెట్రోలునీ ప్లగ్గునీ కూడా వదిలేశారు. ఒక సీసీ కూడా లేని వాళ్ల ఇంజన్లలో ప్లాటినం తీగ చుట్టిన గ్లో ప్లగ్గు ఉంటుంది. ఇంధనం మిథనాల్. మిథనాల్ ఆవిరి ప్లాటినం మీద తనంతట తానే వేడెక్కుతుంది కనుక ఒకసారి అంటుకున్నాక కరెంటు అక్కర్లేదు. ఆ ఇంధనంలో కలిపే నూనె ఏమిటో ఊహించండి. ఆముదం! పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండిన గింజల నూనె. మిథనాల్‌లో చక్కగా కలిసిపోతుంది, కాలే లోహం మీద కూడా పొర తెగకుండా అంటుకుని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధపు రోటరీ విమాన ఇంజన్లు కూడా ఆముదం తాగినవే. పైలట్ల మొహాల మీద ఆ నూనె తుంపర్లు పడేవి.

స్కేలును ఎక్కడో ఒకచోట వదిలేయాల్సిన ఈ అవస్థ బల్ల మీద ఆడుకునేవాళ్లదే కాదు. రాయదుర్గం నాలెడ్జ్ సిటీలో 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్, 78,000 చదరపు అడుగుల ప్రోటోటైపింగ్ కేంద్రం. కాగితం మీది ఆలోచనను చేత్తో పట్టుకునే నమూనాగా మార్చుకోడానికి కావలసిన యంత్రాలు అక్కడున్నాయి. త్రీడీ ప్రింటర్ మామూలుగా వేసే ప్లాస్టిక్ పొర మందం 0.2 మిల్లీమీటర్లు అనుకోండి. అసలు ఇంజన్‌లో ఒకటిన్నర మిల్లీమీటర్ల మందమున్న పిస్టన్ రింగు నాలుగో వంతు బొమ్మలో 0.375 అవుతుంది. రెండు పొరలు కూడా పూర్తిగా పట్టవు. రింగు రూపు వస్తుంది, పని రాదు. యంత్రానికీ తనదైన ఒక అతిచిన్న కొలత ఉంటుంది, అది మన స్కేలుతో పాటు తగ్గదు.

తెర మీద గీసేవాళ్లకు ఈ బాధ లేదనిపిస్తుంది. మాదాపూర్‌లోని సైయెంట్, 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్‌గా పుట్టిన కంపెనీ, ప్రాట్ అండ్ విట్నీ విమాన ఇంజన్లకు ఏళ్ల తరబడి డిజైన్ పనులు చేసింది. హ్యుందాయ్ ఇంజనీరింగ్ కేంద్రం కూడా హైదరాబాద్‌లోనే ఉంది. అక్కడ కూర్చున్నవారు మౌసు చక్రం ఒకసారి తిప్పితే వాల్వు గోడంతవుతుంది, ఇంకోసారి తిప్పితే ఆవగింజంతవుతుంది. తెర మీద వస్తువుకు సైజే లేదు. కానీ గాలి ప్రవాహాన్ని లెక్కించబోయేసరికి సైజు వచ్చి కూర్చుంటుంది. 1883లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో రంగునీళ్లు పంపి చూపించిన సంగతి అది. ప్రవాహం నునుపుగా సాగుతుందా, సుడులు తిరుగుతుందా అన్నది వేగం, గొట్టం వెడల్పు, సాంద్రత, జిగట కలిసి నిర్ణయిస్తాయి. వెడల్పు నాలుగో వంతైతే, వేగమో సాంద్రతో నాలుగింతలు చేస్తే తప్ప ఆ ప్రవాహం పాత ప్రవాహంలా ఉండదు. అమెరికాలోని లాంగ్లీ ప్రయోగశాలవాళ్లు 1920ల మొదట్లో చేసింది సరిగ్గా ఇదే. బుల్లి విమానపు నమూనాను ఉక్కు పీపాలో పెట్టి, గాలిని 20 రెట్లు నొక్కి దాని మీదికి వదిలారు. నమూనా పెద్దది కాలేదు కానీ దాని చుట్టూ గాలి మాత్రం తాను పెద్ద విమానం చుట్టూ ఉన్నట్టే నడుచుకుంది. మాదాపూర్ కంప్యూటర్లలో పీపా లేదు, కానీ గోడను రాసుకుంటూ గాలి నిదానించే పలచని పొరను లెక్కలోకి తేవాలంటే అక్కడ గాలిని విభజించే గడులను వెంట్రుక కన్నా సన్నగా కోయాలి. లెక్క పూర్తవడానికి పట్టే సమయంలో పెద్ద వాటా ఆ పొరదే.

మీ బల్ల మీది ఇంజన్ దగ్గర నీటిగొట్టాలూ పీపాలూ ఏమీ అక్కర్లేదు. ఒక్క పని చేయండి. మోటారు తీసేసి, క్రాంకు కొసనున్న పుల్లీ మీద డిగ్రీలు గీసిన గుండ్రటి కాగితం అతికించండి. పక్కన సన్నటి తీగ ముల్లుగా నిలపండి. ఒకటో సిలిండర్ పిస్టన్ బయటి కొసన ఉన్నప్పుడు ముల్లు సున్నా మీద ఉండేలా చూసుకోండి. చేత్తో మెల్లగా తిప్పుతూ, ఇన్‌టేక్ వాల్వు కదలడం మొదలైన చోటా, తిరిగి మూసుకున్న చోటా కోణం రాసుకోండి. సిగరెట్ రేకు ముక్క వాల్వు కింద పెడితే అది పట్టుకున్న క్షణమూ వదిలిన క్షణమూ కచ్చితంగా తెలుస్తాయి. దారంతో చుట్టుకొలత తీసే శ్రమ కూడా లేదు. తెరిచి ఉన్న కోణం 180 డిగ్రీల దగ్గర ఆగిపోయిందంటే కిట్ చేసినవాడు పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని క్యాము చెక్కాడు. 220, 230 దాటిందంటే ఎదురుగా నిజమైన ఇంజన్ పెట్టుకున్నాడు.